జవాబు ఎవరి చేతికివ్వాలో ముందే అడగాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మా అక్క కొడుకు బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. మీ చదువుల పేజీలో వచ్చే ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులు వాడు కత్తిరించి ఒక ఫైల్లో పెట్టుకుంటాడు. పోయిన వారం జావా వెబ్ సర్వీసుల మీద వేసిన ముక్క ఒకటి నా ముందు పెట్టి, "పిన్నీ, ఇది రైటేనా?" అని అడిగాడు. సోప్ వెబ్ సర్వీసులో, అంటే రెండు కంప్యూటర్లు ఒక ఖాయమైన రూపంలో మెసేజ్‌లు పంపుకునే పద్ధతిలో, మెసేజ్ అడ్రెసింగ్ ఎలా ఆన్ చేస్తారన్నది ప్రశ్న. మీరు వేసిన జవాబు ఒకటే వాక్యం: సర్వీసు క్లాసు మీద అడ్రెసింగ్ అనోటేషన్ పెడితే చాలు. (క్లాసు అంటే జావా కోడులో ఒక విభాగం, అనోటేషన్ అంటే దాని పైన ఒక లైనులో రాసే సూచన.)

తప్పని చెప్పలేను. రైటని చెప్పడానికీ నోరు రాలేదు. 2006 నుంచి ఇదే పని చేస్తున్నాను. ఆ "చాలు" అన్న మాటని నమ్మి వదిలేయడం వల్ల ఒక కుటుంబం ఒక రోజంతా ఎంత అవస్థ పడిందో నా చెవులతో విన్నాను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే, వీలైతే కోత పెట్టకుండా వేయండి. కోడులో ఇంగ్లిష్‌లో ఉండే పేర్లని పత్రిక కోసం తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను.

కంప్యూటర్ పని తెలియని పాఠకులకి ముందుగా విషయం ఏమిటో చెప్తాను. మా నాన్న ఖమ్మం మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేశారు. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే రాత్రి పదయితే గానీ ఇల్లు చేరేవారు కాదు. చొక్కా నిండా మిర్చి ఘాటు. మేం తుమ్ముతామని బయటే స్నానం చేసి లోపలికి వచ్చేవారు. బడి లేని రోజుల్లో ఆయనకి క్యారియర్ తీసుకెళ్లేదాన్ని. రైతు బస్తాలు దించగానే నాన్న అడిగే మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తు. "డబ్బులు నువ్వే ఉండి తీసుకుంటావా, ఎవరికన్నా ఇమ్మంటావా?"

కొందరు "ఇక్కడే ఉంటా, నా చేతికే ఇవ్వండి" అనేవాళ్లు. కొందరికి ఆఖరి బస్సు వెళ్లిపోతుందని తొందర. "రేపు మా బావమరిది వస్తాడు, ఆయన చేతికివ్వండి" అనేవాళ్లు. నాన్న అది చిట్టాలో లాటు నంబరు పక్కన రాసుకునేవారు. తర్వాత తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, రాసేటప్పుడు అదే లాటు నంబరు వేసేవారు. ఒకే ఊరి నుంచి, ఒకే ఇంటిపేరుతో నలుగురు రైతులు ఒకేసారి వచ్చేవాళ్లు కాబట్టి పేరు చూసి డబ్బులిస్తే పొరపాటు జరుగుతుంది. నంబరు చూడాల్సిందే.

వెబ్ సర్వీసుల్లో మెసేజ్ అడ్రెసింగ్ అంటే ఇదే పని. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కి ఎక్స్‌ఎంఎల్ అనే రాత పద్ధతిలో ఒక మెసేజ్ పంపుతుంది. సరుకంతా లోపల ఉంటుంది. పైన హెడర్‌లో 'టు' అని ఎవరికి పంపుతున్నారో, 'యాక్షన్' అని ఏ పని మీద పంపుతున్నారో, 'మెసేజ్ ఐడీ' అని ఈ మెసేజ్ నంబరేమిటో రాస్తారు. 'రిప్లై టు' అంటే జవాబు ఎక్కడికి పంపాలి. 'ఫాల్ట్ టు' అంటే ఏదన్నా తేడా వస్తే ఎవరికి చెప్పాలి. తిరిగి వచ్చే జవాబు మీద 'రిలేట్స్ టు' అని ఉంటుంది, అందులో మొదటి మెసేజ్ నంబరు ఉంటుంది. "ఇక్కడే ఉంటా, నా చేతికే ఇవ్వండి" అనడానికి కూడా ఒక చిరునామా ఉంది. దాన్ని అనానిమస్ అంటారు. ఈ మాట విని చాలామంది పిల్లలు పేరు దాచుకోవడం అనుకుంటారు. ఇంటర్వ్యూల్లో నేను అడిగినప్పుడు పదిమందిలో ఎనిమిది మంది అలాగే చెప్పారు. దాని అర్థం అది కాదు. మెసేజ్ ఏ కనెక్షన్ మీద వచ్చిందో ఆ కనెక్షన్ మీదే జవాబు తిరిగి ఇచ్చేయమని. అసలు జవాబే అక్కర్లేదు అనడానికి 'నన్' అని వేరే చిరునామా ఉంది.

ఈ పద్ధతిని 2004 ఆగస్టులో బీఈఏ, ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్, సన్ కంపెనీలు కలిసి, వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే డబ్ల్యూ3సీ సంస్థకి ఇచ్చాయి. 2006 మే 9న అది 1.0 ప్రమాణంగా వచ్చింది. నేను ఉద్యోగంలో చేరింది ఆ ఏడాదే. అప్పట్లో మా టీమ్‌లో ఈ హెడర్లని చేత్తో రాసేవాళ్లం. హ్యాండ్లర్ అని ఒక క్లాసు, అందులో దాదాపు రెండొందల లైన్ల కోడు. దాన్ని తగిలించడానికి మళ్లీ ఒక కాన్ఫిగరేషన్ ఫైలు. ఆ ఫైలు ఒకరి దగ్గర, కోడు ఒకరి దగ్గర. సర్వర్ మారిస్తే ఫైలు రూపమే మారిపోయేది. 2007లో, జావాలో వెబ్ సర్వీసులు రాయడానికి ఉన్న జాక్స్ డబ్ల్యూఎస్ ప్రమాణం 2.1 వెర్షన్ వచ్చి ఆ బాధ తీర్చింది. క్లాసు పైన ఒక్క లైను, అడ్రెసింగ్ అనోటేషన్. అంతే, హెడర్లు చదవడం, జవాబు మీద నంబరు వేయడం అన్నీ అదే చూసుకుంటుంది. ఆ రోజు మా టీమ్‌లో అందరం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. కోడు చదివేవాడికి విషయం కోడు పక్కనే కనిపించడం చాలా గొప్ప సౌకర్యం. ఇప్పటికీ నేను అదే అంటాను.

ఆ రోజుల్లోనే అమీర్‌పేటలో జిరాక్స్ షాపుల్లో ఈ నోట్సు దొరికేది. నా దగ్గర ఇంకా ఉంది, స్పైరల్ బైండింగ్ చేసిన కాపీ. అందులోనూ మీరు వేసిన వాక్యమే ఉంది. క్లాసు మీద అనోటేషన్ పెడితే చాలు. రాసిన నాటికి అది దాదాపు నిజమే, ఎందుకంటే 2.1లో ఆ అనోటేషన్‌కి రెండే విషయాలు చెప్పగలిగేవాళ్లం. ఒకటి ఎనేబుల్డ్, అంటే ఆన్‌లో ఉందా లేదా. రెండోది రిక్వైర్డ్, అంటే హెడర్లు తప్పనిసరా కాదా. మనం ఏమీ రాయకపోతే ఎనేబుల్డ్ ట్రూ, రిక్వైర్డ్ ఫాల్స్. 2009 చివర్లో 2.2 వచ్చింది. అందులో మూడోది చేరింది, రెస్పాన్సెస్ అని. జవాబులు ఎలాంటి చిరునామాకి పంపడానికి మన సర్వీసు ఒప్పుకుంటుందో చెప్పేది అది. అనానిమస్ ఒక్కటేనా, వేరే చిరునామాలేనా, రెండూనా. మనం నోరు విప్పకపోతే 'ఆల్', అంటే ఏదైనా సరే. నోట్సు మాత్రం మారలేదు. జిరాక్స్ మీద జిరాక్స్ పడుతూ అదే వాక్యం మీ పేజీ దాకా వచ్చింది.

ఇక అసలు సంగతి. 2019 వేసవి. నేను పనిచేసే చోట ఒక ఆరోగ్య బీమా సంస్థకి సర్వీసులు నడుపుతాం. ఆసుపత్రి క్యాష్‌లెస్ డెస్క్ నుంచి ఆఖరి బిల్లు వస్తుంది. చిన్న కేసులైతే రూల్స్ ప్రకారం అప్పటికప్పుడే అప్రూవల్ తేలిపోతుంది. ఆ రోజు సపోర్ట్ డ్యూటీ నాది. రాత్రి ఏడూ నలభైకి ఫోన్. నగరంలోనే ఒక ఆసుపత్రి డెస్క్‌లో పనిచేసే కుర్రాడు.

"మేడమ్, పొద్దున పదకొండింటికి పంపాం. సెంట్ అని చూపిస్తోంది. అప్రూవల్ రాలేదు. పేషెంట్ వాళ్లు ఇక్కడే ఉన్నారు."

వెనక ఒకావిడ గొంతు వినిపిస్తూనే ఉంది. "అడుగు బాబూ, ఇంకెంతసేపో అడుగు. ఆటో ఆయన పోతానంటున్నాడు." ఆవిడ తండ్రికి పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ అయిందట. పొద్దున్నే డిశ్చార్జి రాశారు. నల్గొండ వైపు పల్లెకి వెళ్లాలి. బెడ్ ఖాళీ చేయించారు కాబట్టి ఆ పెద్దాయన మధ్యాహ్నం నుంచి కౌంటర్ ముందు ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. కుట్లు ఉన్న మనిషి. మధ్యలో ఆయన దగ్గు కూడా ఫోన్లో వినిపించింది.

లాగ్, అంటే సర్వర్ తన పనులు రాసుకునే చిట్టా, తీశాను. మెసేజ్ వచ్చింది పదకొండూ నాలుగుకి. అప్రూవల్ తయారైంది అదే పదకొండూ నాలుగుకి, తొమ్మిది సెకన్లలో. నంబరు పడింది, మొత్తం పడింది. కింద ఇంకో లైను: జవాబు పంపబోతే ఆ చిరునామా దొరకలేదు. అంతే. ఆ తర్వాత ఆ కేసు గురించి ఏమీ లేదు. ఎనిమిదిన్నర గంటలుగా ఆ అప్రూవల్ మా సర్వర్లోనే ఉంది.

నేను ఆ నంబరు ఫోన్లో చదివాను, కుర్రాడు కాగితం మీద రాసుకున్నాడు. మేనేజర్‌తో మాట్లాడి ఇంకో ఇరవై నిమిషాల్లో వాళ్లని పంపించారు. ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు ఆ లాగ్ వంకే చూస్తూ కూర్చున్నాను.

జరిగింది ఇది. ఆ ఆసుపత్రిలో రెండు రోజుల ముందు కొత్త సాఫ్ట్‌వేర్ వేశారు. అది పంపే మెసేజ్‌లో 'రిప్లై టు' దగ్గర ఆసుపత్రి లోపలి నెట్‌వర్క్‌లో ఉన్న ఒక కంప్యూటర్ పేరు ఉంది. ఆ పేరు వాళ్ల గోడల లోపల పనిచేస్తుంది, బయటి నుంచి ఎవరికీ దొరకదు. మా సర్వీసు ఆ మెసేజ్ తీసుకుని, జవాబు వేరే చిరునామాకి కదా పంపాలి అని, వచ్చిన కనెక్షన్ మీద 202 అని, అంటే "అందింది" అని మాత్రం చెప్పి మూసేసింది. ఆసుపత్రి స్క్రీన్ మీద "సెంట్" అని పచ్చగా పడింది. తర్వాత మా సర్వీసు కొత్త కనెక్షన్ తెరవబోయింది, చిరునామా దొరకలేదు. లాగ్‌లో ఒక లైను రాసి తన పని అయిపోయిందనుకుంది.

ప్రమాణం ప్రకారం చూస్తే అందరూ సక్రమంగానే చేశారు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఒక చిరునామా ఇచ్చింది. మా సర్వీసు సరే అంది. కానీ మా సర్వీసు అలా సరే అనాలని మేం ఎప్పుడూ అనుకోలేదు! మొదటినుంచీ మా ఉద్దేశం ఒకటే, వచ్చిన కనెక్షన్ మీదే జవాబు. మిగతా ఆసుపత్రుల్లో కొందరు అసలు ఈ హెడర్లే పంపరు, కొందరు అనానిమస్ అని పంపుతారు. బయటి చిరునామాకి జవాబు పంపే పని మా డిజైన్‌లోనే లేదు. కానీ ఆ ఉద్దేశం కోడులో ఎక్కడా రాసి లేదు. క్లాసు పైన అడ్రెసింగ్ అనోటేషన్ ఉంది, బ్రాకెట్లలో ఏమీ లేదు. ఏమీ రాయకపోతే 'ఆల్' అని ఇందాకే చెప్పాను కదా. మా నాన్న చిట్టాలో ఆ గడి ఖాళీగా వదిలి, ఎవరి పేరు చెప్పినా సరే అన్నట్టు.

ఆ రాత్రే బ్రాకెట్లలో రెస్పాన్సెస్ ఈక్వల్ టు అనానిమస్ అని చేర్చాను. ఇక మీదట ఎవరన్నా వేరే చిరునామా పెట్టి పంపితే సర్వీసు లోపలికే రానివ్వదు. "అనానిమస్ చిరునామా మాత్రమే ఒప్పుకుంటాం" అని అర్థం వచ్చే ఫాల్ట్, అంటే తేడా ఉందని చెప్పే జవాబు, అక్కడికక్కడే తిరిగి వెళ్తుంది. ఆ ఫాల్ట్‌కి ప్రమాణంలోనే పేరుంది, ఓన్లీ అనానిమస్ అడ్రెస్ సపోర్టెడ్ అని. అది ముందే ఉండి ఉంటే పదకొండూ నాలుగుకే ఆ కుర్రాడి స్క్రీన్ మీద ఎర్రగా పడేది. వాడు అప్పుడే ఫోన్ చేసేవాడు. పెద్దాయన మధ్యాహ్నం అన్నం వేళకి ఇంట్లో ఉండేవాడు.

ఇంకొక సంగతి ఆ రాత్రి నిద్ర పట్టకుండా ఆలోచిస్తుంటే తట్టింది. అది మొదటిదానికంటే భయం పుట్టించేది. మా జవాబులో పేషెంట్ పేరు ఉంటుంది, జబ్బు పేరు ఉంటుంది, ఎంత డబ్బు మంజూరైందో ఉంటుంది. మెసేజ్ పంపినవాడు 'రిప్లై టు' దగ్గర ఏ చిరునామా రాస్తే అక్కడికి ఇదంతా మా సర్వర్ స్వయంగా తీసుకెళ్లి ఇచ్చేస్తుంది. ఇంకా ఘోరం, ఎవడన్నా కావాలని మా లోపలి నెట్‌వర్క్‌లోని ఏదో మెషీన్ చిరునామా రాస్తే బయటివాడి మాట మీద మా సర్వర్ లోపలి తలుపు తడుతుంది. అదృష్టం బాగుండి మాకు అలా జరగలేదు. కానీ ఒక్క మాట రాయకపోవడం వల్ల ఆ తలుపు ఏళ్ల తరబడి తెరిచే ఉంది.

మరి ఎప్పుడూ అనానిమస్ పెట్టేయడమేనా అని మా వాడు అడిగాడు. కాదు. డాక్టర్ చూసి తేల్చాల్సిన పెద్ద కేసులు మాకూ ఉన్నాయి. గంటల తరబడి కనెక్షన్ పట్టుకుని కూర్చోవడం కుదరదు. అలాంటి చోట జవాబు వేరే చిరునామాకి పంపడం సరైన పద్ధతే, ఆ ప్రమాణం పుట్టిన కారణాల్లో అదొకటి. అప్పుడు రెస్పాన్సెస్ దగ్గర నాన్ అనానిమస్ అని రాయండి. దాంతోపాటు ఆ ఆసుపత్రి ముందే రిజిస్టర్ చేసిన చిరునామాల పట్టీతో సరిపోల్చే కోడు కూడా రాయండి. ఆ రెండో పని అనోటేషన్ చేయదు, మనమే చేయాలి. పంపబోతే చిరునామా దొరకని జవాబులు ఎవరికి కనిపించాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి. మా దగ్గర ఇప్పుడు అలాంటివి పదిహేను నిమిషాలు దాటితే సపోర్ట్ వాళ్ల ఫోన్ మోగుతుంది.

రిక్వైర్డ్ విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. దాన్ని ట్రూ చేస్తే హెడర్లు లేని ప్రతి మెసేజ్ వెనక్కి వెళ్తుంది, మెసేజ్ అడ్రెసింగ్ హెడర్ రిక్వైర్డ్ అన్న ఫాల్ట్‌తో. కొత్త సర్వీసు అయితే మొదటి రోజు నుంచే ట్రూ పెట్టమంటాను. పాతది అయితే ఒక్క రాత్రిలో మార్చకండి. ఎవరు హెడర్లు పంపుతున్నారో, ఎవరు పంపట్లేదో ఒక నెల లెక్క తీసి, పంపనివాళ్లకి ఫోన్ చేసి చెప్పి, అప్పుడు మార్చండి. మాకు నాలుగు నెలలు పట్టింది.

యాక్షన్ గురించి కూడా చెప్పాలి. మీ జవాబులో దాని ఊసే లేదు, అసలు చిక్కులు ఎక్కువ వచ్చేది అక్కడే. ఒకసారి మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి కోడు శుభ్రం చేస్తూ ఒక ఇంటర్‌ఫేస్ పేరు మార్చాడు. క్లెయిమ్ సర్వీస్ అని ఉన్నదాన్ని క్యాష్‌లెస్ క్లెయిమ్ సర్వీస్ అన్నాడు. మంచి పేరే. టెస్టులన్నీ పాసయ్యాయి. పొద్దున్నే చూస్తే పదిహేను ఆసుపత్రుల్లో పన్నెండింటికి బాగానే నడుస్తోంది, మూడింటికి మాత్రం యాక్షన్ నాట్ సపోర్టెడ్ అని వెనక్కి వస్తోంది. ఆ మూడూ ఎంత చూసినా పంపే మెసేజ్ నిన్నటిదే, అక్షరం మారలేదు.

కారణం తెలిస్తే చాలా చిన్నది. యాక్షన్ ఏమిటో మనం రాయకపోతే పేర్ల నుంచి అదే తయారవుతుంది. ముందు టార్గెట్ నేమ్‌స్పేస్, అంటే సర్వీసుకి ఇంటిపేరు లాంటి గుర్తు, తర్వాత పోర్ట్ టైప్ పేరు, అంటే సర్వీసు చేసే పనుల జాబితాకి పెట్టిన పేరు, ఆ తర్వాత ఆపరేషన్ పేరుకి, అంటే ఆ జాబితాలో ఒక్కో పని పేరుకి, రిక్వెస్ట్ అని తగిలించి. మధ్యలో ఉన్న ఆ పోర్ట్ టైప్ పేరు మామూలుగా జావా ఇంటర్‌ఫేస్ పేరే. పేరు మారింది, యాక్షన్ మారింది. మెసేజ్ లోపలి సరుకులో ఆ పేరు ఉండదు కాబట్టి హెడర్లు పంపని పన్నెండుమందికి తేడా తెలియలేదు. హెడర్లు పంపే ముగ్గురికి, అంటే పద్ధతి ప్రకారం నడుచుకున్న ముగ్గురికే, దెబ్బ తగిలింది. వాళ్లలో ఒకాయన ఫోన్లో, "మీరు చెప్పిన హెడర్లు పెట్టినందుకు మాకేనా ఈ శిక్ష?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

దీనికి మందు కూడా అనోటేషనే. క్లాసులో ఒక్కో పని చేసే ముక్కని మెథడ్ అంటారు. ఆ మెథడ్ మీద యాక్షన్ అనోటేషన్ పెట్టి, ఇన్‌పుట్ ఇది, అవుట్‌పుట్ ఇది అని చేత్తో రాసేయడం. ఎక్సెప్షన్, అంటే పని మధ్యలో తేడా, వచ్చే మెథడ్ అయితే అందులోనే ఫాల్ట్ యాక్షన్ అనోటేషన్ పెట్టి, ఏ ఎక్సెప్షన్ క్లాసుకి ఏ యాక్షన్ వెళ్లాలో రాయాలి. ఒకసారి రాసి అవతలివాళ్లకి ఇచ్చాక అది మన మాట. లోపల క్లాసు పేర్లు ఎన్నిసార్లు మార్చుకున్నా ఆ మాట మారకూడదు. పేరు మార్చిన అబ్బాయిని నేను ఏమీ అనలేదు. కోడులో పేరు మార్చే హక్కు వాడికి ఉండాలి. మేం సంతకం పెట్టిన మాట క్లాసు పేరుకి వేలాడుతూ ఉండటమే తప్పు. ఇప్పుడు మా టీమ్‌లో యాక్షన్ రాయని మెథడ్ రివ్యూ దాటదు.

అనోటేషన్ ఎక్కడ పెట్టాలన్నది కూడా మీ జవాబులో సర్వీసు క్లాసు మీద అని ఉంది, అది మాత్రం సరైన మాట. చాలామంది ఇంటర్‌ఫేస్ మీద పెడతారు. జాక్స్ డబ్ల్యూఎస్ ప్రకారం వెబ్ సర్వీస్ అనోటేషన్‌తో వాడేటప్పుడు అడ్రెసింగ్‌ని అసలు పనిచేసే క్లాసు మీదే పెట్టాలి. యాక్షన్ మాత్రం మెథడ్ మీద. ఇక పంపేవాళ్ల వైపు సంగతి. మన డబ్ల్యూఎస్‌డీఎల్‌లో, అంటే సర్వీసుని ఎలా వాడాలో చెప్పే ఫైల్లో, అడ్రెసింగ్ పాలసీ ఉంటే దాన్ని చదివే టూల్స్ తమంతట తామే హెడర్లు పెడతాయి. లేకపోతే పోర్ట్, అంటే సర్వీసుని పిలవడానికి వాడే ఆబ్జెక్ట్, తీసుకునేటప్పుడు అడ్రెసింగ్ ఫీచర్ అన్న ఆబ్జెక్ట్ ఇవ్వాలి. ఇంటర్వ్యూలో ఇది అడిగితే తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఇప్పటి పిల్లలకి ఇంకో జాగ్రత్త. 2018 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 11 నుంచి ఈ లైబ్రరీలు జావాతోపాటు రావు, విడిగా తెచ్చుకోవాలి. ఆ తర్వాత వాటి ప్యాకేజీ పేరు జావాక్స్ నుంచి జకార్తాకి మారింది. మేం 2023లో మార్చుకున్నప్పుడు ఒక క్లాసులో మిగతా ఇంపోర్ట్‌లన్నీ జకార్తా అయ్యాయి, అడ్రెసింగ్ ఒక్కటి పాత జావాక్స్‌గానే మిగిలిపోయింది. ఏదో పాత జార్, అంటే పాత లైబ్రరీ ఫైలు, ఇంకా ఉండటం వల్ల కంపైల్ అయింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. కోడుని నడిపే కొత్త రన్‌టైమ్‌కి ఆ పాత అనోటేషన్ అంటే ఎవరో తెలియదు కాబట్టి పట్టించుకోలేదు. క్లాసు పైన లైను ఉంది, అడ్రెసింగ్ లేదు. అదృష్టం కొద్దీ మేం ప్రతి రిలీజ్ ముందు తప్పుడు చిరునామాతో ఒక మెసేజ్ పంపి, ఫాల్ట్ వస్తుందా లేదా అని చూస్తాం. ఆసుపత్రి సంగతి జరిగిన వారంలో రాసిన టెస్టు అది. ఆ రోజు ఫాల్ట్ రాలేదు, అందుకే దొరికింది.

సోప్ పాతబడిపోయింది, దీని మీద ఇంత రాయాలా అని ఎవరన్నా అనొచ్చు. కొత్త ప్రాజెక్టుల్లో తక్కువే, నిజం. కానీ బ్యాంకుల్లో, బీమాలో పదేళ్లు, పదిహేనేళ్లుగా నడుస్తున్న సర్వీసులు ఇంకా వీటి మీదే ఉన్నాయి. వాటిని చూసుకునే ఉద్యోగాలకే మన కాలేజీల నుంచి ఎంతోమంది పిల్లలు మొదటిసారి చేరుతున్నారు. చేరిన మూడో నెలలో వాళ్ల చేతికి వచ్చేది ఇలాంటి క్లాసే. ఆ రోజు వాళ్లకి గుర్తొచ్చేది మీ పేజీ నుంచి కత్తిరించి ఫైల్లో పెట్టుకున్న వాక్యమే. ఊళ్లలో, చిన్న పట్టణాల్లో చదివే పిల్లలకి తెలుగులో ఈ విషయాలు ఇంకెక్కడా దొరకవు. అందుకే మీ పేజీ మీద నాకు కోపం లేదు, గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే అడుగుతున్నాను.

వచ్చే వారం అదే చోట ఆ జవాబుని సరిచేసి వేయండి. నేను రాస్తే ఇలా రాస్తాను: "సర్వీసు క్లాసు మీద అడ్రెసింగ్ అనోటేషన్ పెట్టాలి. హెడర్లు తప్పనిసరా కాదా అన్నది రిక్వైర్డ్‌లో, జవాబులు ఎలాంటి చిరునామాకి పంపొచ్చన్నది రెస్పాన్సెస్‌లో స్పష్టంగా రాయాలి. ప్రతి మెథడ్‌కి యాక్షన్ అనోటేషన్‌తో ఇన్‌పుట్, అవుట్‌పుట్ పేర్లు చేత్తో ఇవ్వాలి." మూడు వాక్యాలే. మీ పేజీలో ఆ పెట్టెలో సరిపోతాయి, లెక్కపెట్టి చూశాను.

మా నాన్న ఖమ్మంలో రోజూ మీ పత్రికే చదువుతారు. ఈ ఉత్తరం వేస్తే ఆయన కొట్లో అడిగిన ప్రశ్న అందులో చూసుకుంటారు. మా అక్క కొడుకు మాత్రం సరిచేసిన జవాబు కోసం ఫైల్లో పాత ముక్క పక్కన ఖాళీ వదిలి పెట్టుకున్నాడు.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని,
మియాపూర్, హైదరాబాద్